ఆ 13వ పిన్నుకు తీగ కలపండి: అలారం బోర్డుల డిజైనర్లకు బహిరంగ లేఖ

అలారం పెట్టెలకు బోర్డులు డిజైన్ చేసే ఇంజినీర్లకు, వాటిని తయారు చేసి అమ్మే సంస్థల యజమానులకు, టెండర్లలో వాటి స్పెసిఫికేషన్లు రాసే అధికారులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పన్నెండేళ్లుగా ఫర్మ్‌వేర్ (యంత్రాల లోపల నడిచే ప్రోగ్రాం), లినక్స్ డ్రైవర్లు రాస్తూ బతుకుతున్నవాణ్ణి. మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర పల్లెటూరు. మా బాబాయికి అక్కడ నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువు ఉంది. కరెంటు ఫేజు పోతే ఫోన్ చేసి చెప్పాలని ఆ చెరువు గట్టు మీద పెట్టిన ఒక అలారం పెట్టె గురించి దాన్ని తయారు చేసిన సంస్థకు మూడుసార్లు రాశాను. మొదటి ఉత్తరానికి జవాబు లేదు. రెండోదానికి 'మీ వైరింగ్ చూపించుకోండి' అన్నారు. మూడోదానికి వచ్చిన జవాబు గురించి కింద రాస్తాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ తర్వాత తెలిసినవాళ్ల దగ్గర నుంచి వేరే కంపెనీల పెట్టెలు నాలుగు తెప్పించి విప్పి చూస్తే మూడింటిలో అదే లోపం కనిపించింది. అందుకే ఈ ఉత్తరం అందరికీ రాస్తున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

ఆ రాత్రి రెండున్నర దాటాక లైన్లో ఒక ఫేజు అర సెకను పాటు పడిపోయి మళ్లీ వచ్చింది. పక్క చెరువు వాళ్ల జనరేటర్ ప్యానెల్లో ఆ సమయం నమోదై ఉంది. మోటార్లకు కరెంటు కలిపే స్విచ్చు, అంటే మా స్టార్టర్ కాంటాక్టర్, దాని కాయిల్‌కు కరెంటు ఆ ఫేజు నుంచే వస్తుంది. ఫేజు పడగానే కాంటాక్టర్ వదిలేసింది. ఫేజు తిరిగొచ్చినా, మనిషి వెళ్లి పచ్చబటన్ నొక్కితే తప్ప అది మళ్లీ పట్టుకోదు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఆగిపోయాయి. రాత్రిపూట నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారే ముందు చెరువులో ఆక్సిజన్ బాగా అడుగంటుతుందని ఆక్వా రైతులందరికీ తెలుసు. ఏరియేటర్లు తిరగాల్సిందే ఆ రెండు మూడు గంటలు. ఐదింటికి బాబాయి మేత వేద్దామని వెళ్లేసరికి రొయ్య గట్టు వారకు చేరి తేలుతోంది.

పెట్టె మూత మీద 'ఫేజు పోతే మీ ఫోన్ మోగుతుంది' అని స్టిక్కర్ ఉంది. ఫోన్ మోగలేదు. పెట్టె తనంతట తాను రాసుకునే లాగ్ తీసి చూస్తే ఆ రాత్రంతా మూడు ఫేజులూ సవ్యంగా ఉన్నట్టే రాసి ఉంది.

పెట్టెను ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి భూతద్దంతో చూశాను. ఫేజు ఉందో లేదో వెలుగు ద్వారా కనిపెట్టి చెప్పే ఆప్టోకప్లర్ల నుంచి తీగలు పీసీఎఫ్8574 అనే చిప్పుకు వచ్చాయి. పదహారు పిన్నుల చిప్పు అది. 14, 15 పిన్నుల నుంచి రెండు సన్నటి రాగి గీతలు ప్రాసెసర్ దాకా వెళ్లాయి. క్లాకు ఒకటి, డేటా ఒకటి. 13వ పిన్ను దగ్గర సోల్డర్ మెరుస్తోంది గానీ అక్కడి నుంచి గీత ఎక్కడికీ వెళ్లలేదు. ఆ 13వ పిన్ను పేరు ఇంటరప్ట్. తన ఇన్‌పుట్లలో ఏది మారినా 'ఇటు చూడు' అని ప్రాసెసర్ని పిలవడానికి చిప్పుకు ఉన్న ఒక్క నోరూ అదే. దాన్ని మూసి పెట్టెను అమ్మారు.

ఈ విషయం తెలియని పాఠకుల కోసం కొంచెం వివరిస్తాను, డిజైనర్లు మన్నించాలి. ఈ చిప్పులు మాట్లాడుకునే దారి పేరు ఐ2సీ బస్సు. ఫిలిప్స్ సంస్థ 1982లో తెచ్చింది. రెండే తీగలు, వాటి మీద ఎన్నో చిప్పులు. అంత పొదుపైన ఏర్పాటు కాబట్టే నలభై ఏళ్లు దాటినా నిలిచింది. అయితే అందులో ఒక నియమం ఉంది. మాట ఎప్పుడూ మాస్టరే, అంటే ఇక్కడ ప్రాసెసరే, మొదలుపెట్టాలి. అడిగితేనే మిగతా చిప్పులు జవాబిస్తాయి. కొంప మునుగుతున్నా వాటంతట అవి నోరు విప్పడానికి లేదు. మాస్టర్ అడుగుతూ తిరగడాన్ని పోలింగ్ అంటాం. ఈ లోటు తెలిసే చిప్పుల తయారీదారులు చాలా చిప్పులకు పిలవడం కోసం విడిగా ఒక పిన్ను ఇచ్చారు. ఆ పిన్నును వాడాలా వద్దా అన్నది బోర్డు గీసేవాళ్ల ఇష్టానికే వదిలేశారు. మా బాబాయి చెరువు ఆ ఇష్టానికే బలైంది.

మూడో ఉత్తరానికి వచ్చిన జవాబు ఇదీ: 'ఇంతకు ముందు 30 సెకన్లకు ఒకసారి చదివేవాళ్లం, కొత్త ఫర్మ్‌వేర్‌లో 5 సెకన్లకు తగ్గించాం.'

వాళ్లు మంచి మనసుతోనే చేసి ఉంటారు. కానీ లెక్క చూడండి. అర సెకనులో వచ్చి పోయే సంగతిని 5 సెకన్లకొకసారి చూసేవాడు పట్టుకోవడం అదృష్టం మీద ఆధారపడిన పని. పదిసార్లు జరిగితే ఒక్కసారి పట్టుకుంటాడు. అసలు ఆ 5 సెకన్లు కూడా నిజం కాదు. ఈ చిప్పును ఒకసారి చదవడానికి చిరునామాకు తొమ్మిది, డేటాకు తొమ్మిది, మొత్తం పద్దెనిమిది క్లాకులు పడతాయి. 100 కిలోహెర్ట్జ్ వేగంలో అది దాదాపు 0.2 మిల్లీసెకను. బస్సుకు తీరిక లేక కాదు, ప్రోగ్రాంకే తీరిక లేదు. అదే లూపులో మోడెమ్ ద్వారా డేటా పంపే పని కూడా పెట్టారు. మా గట్టు మీద సిగ్నల్ అంతంత మాత్రం. నేను స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే, మోడెమ్ జవాబు కోసం ప్రోగ్రాం ఒక్కోసారి 40 సెకన్లు అక్కడే నిలబడిపోయింది. అంతసేపూ ఫేజుల వంక చూసే నాథుడు లేడు.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో చెబుతాను.

1. పెట్టె మనిషి స్థానంలోకి వచ్చింది. ఇది కొనకముందు బాబాయి చెరువు దగ్గర రాత్రిపూట ఒక కాపలా మనిషి ఉండేవాడు. ఏరియేటర్ చప్పుడు ఆగితే నిద్రలో కూడా లేచి కూర్చునేవాడు. పరుగున వెళ్లి బటన్ నొక్కేవాడు. స్టిక్కర్ మీది మాట నమ్మి బాబాయి ఆ మనిషిని మానిపించాడు. అంటే చప్పుడు ఆగగానే లేచే చెవిని తీసేసి, తోచినప్పుడు ఒక కన్ను తెరిచి చూసే యంత్రాన్ని పెట్టాం. పెట్టె లేకపోయి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు. నా బాధంతా ఇదే. పనిచేయని అలారం ఉండటం కంటే అలారం లేకపోవడమే నయం. లేదని తెలిస్తే మనిషి మెలకువగా ఉంటాడు.

2. టీకాల ఫ్రిజ్జుల్లోనూ ఇదే ముప్పు, కాకపోతే ఇంకో రూపంలో ఉంటుంది. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కొన్ని పెట్టెల్లో వాడే ఎల్ఎం75 రకం ఉష్ణోగ్రత చిప్పుకు అలారం పిన్ను ఉంది. కొందరు దానికి తీగ కూడా కలిపారు, సంతోషం. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ చిప్పు ఫ్యాక్టరీలో పెట్టిన తన అమరికకు వెళ్లిపోతుంది. ఆ అమరిక ప్రకారం అది 80 డిగ్రీలు దాటితే పిలుస్తుంది, 75కు దిగితే ఊరుకుంటుంది. టీకాల ఫ్రిజ్జులో 80 డిగ్రీలు! ప్రాసెసర్‌కు బ్యాటరీ ఉండి, సెన్సర్‌కు లేని బోర్డు ఒకటి చూశాను. ఐదు నిమిషాలు కరెంటు పోయి వస్తే ప్రాసెసర్ తాను పెట్టిన హద్దులు ఇంకా ఉన్నాయనే అనుకుంటుంది. చిప్పు మాత్రం అన్నీ మరిచిపోయి ఉంటుంది. ఇక వేడి సంగతి పక్కన పెడితే, హెపటైటిస్ బి, పెంటావేలెంట్ లాంటి టీకాలు గడ్డకడితే పాడవుతాయి. కరిగాక చూడ్డానికి మామూలుగానే కనిపించవచ్చు. రాత్రి గడ్డకట్టి పొద్దునకు కరిగిన సీసాను నర్సమ్మ ఏ అనుమానం లేకుండా పసిబిడ్డకు వేస్తుంది.

3. గుంటూరు మిర్చి గిడ్డంగుల లాంటి చోట్ల శీతలీకరణకు అమ్మోనియా వాడతారు. అక్కడ ఉష్ణోగ్రత సెన్సర్లు, గ్యాస్ సెన్సర్ అన్నీ కలిపి ఒకే ఇంటరప్ట్ తీగ మీద వేస్తే ఏమవుతుందో డిజైనర్లు ఒకసారి ఆలోచించాలి. పిలిచే చిప్పు తీగ వోల్టేజిని కిందికి లాగుతుంది; అలా లాగిన క్షణాన్ని మాత్రమే, అంటే ఎడ్జ్‌ను మాత్రమే గమనించేలా ప్రాసెసర్ను అమర్చారనుకోండి. ముందు ఉష్ణోగ్రత చిప్పు తీగను లాగింది. ప్రాసెసర్ దాన్ని విచారిస్తుండగా గ్యాస్ చిప్పు కూడా అదే తీగను లాగింది. మొదటిది వదిలేసింది, రెండోది పట్టుకునే ఉంది. తీగ ఒక్క క్షణం కూడా పైకి లేవలేదు కాబట్టి కొత్త ఎడ్జ్ పుట్టదు. గుమ్మం దగ్గర ఒకరు బెల్లు నొక్కి పట్టుకుని ఉండగానే రెండో మనిషి వచ్చి తానూ నొక్కితే లోపలివాళ్లకు కొత్తగా ఏం వినిపిస్తుంది? గ్యాస్ చిప్పు అలా పిలుస్తూనే ఉంటుంది. ఇక ఏ చిప్పు పిలిచినా వినిపించదు. బస్తాలు మోసే కూలీలు లోపలే ఉంటారు.

4. నష్టపోయినవాడి దగ్గర సాక్ష్యం ఉండదు. లాగ్‌లో అంతా సవ్యమనే రాసి ఉంటుంది కాబట్టి తప్పు రైతు వైరింగ్‌దవుతుంది, లేదా ఎలక్ట్రీషియన్‌దవుతుంది. మా ఊరి ఎలక్ట్రీషియన్ ముప్పై ఏళ్లుగా ఆ పని చేస్తున్నాడు. చేయని తప్పుకు బాబాయి దగ్గర మాట పడ్డాడు. ఆయనకు నేను క్షమాపణ చెప్పాను. చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

'ఖర్చు పెరుగుతుంది' అన్న మాట నాకు చాలాచోట్ల వినిపించింది. కావలసింది బోర్డు మీద ఒక రాగి గీత, ఎవరూ పిలవనప్పుడు తీగను పైన ఉంచే ఒక పుల్-అప్ రెసిస్టర్, ప్రాసెసర్‌లో ఒక ఖాళీ పిన్ను. నేను విప్పిన పెట్టెలో ప్రాసెసర్‌కు పదకొండు పిన్నులు ఖాళీగా ఉన్నాయి. ఆ రెసిస్టర్ ధర పైసల్లో ఉంటుంది.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. అలారం అన్న పేరుతో అమ్మే ఏ పెట్టెలోనైనా ఇంటరప్ట్ పిన్ను ఉన్న ప్రతి చిప్పు నుంచి ఆ తీగ ప్రాసెసర్‌కు వెళ్లాలి. అలా వెళ్లని పెట్టెను రీడింగులు రాసుకునే మీటర్ అని అమ్ముకోండి, అలారం అనకండి.

2. జరిగింది గుర్తుపెట్టుకునే చిప్పును ఎంచుకోండి. ఇది ముఖ్యం, ఎందుకంటే తీగ ఒక్కటే కలిపితే మా సమస్య పూర్తిగా తీరదు. పీసీఎఫ్8574లో ఇన్‌పుట్ మళ్లీ పాత స్థితికి వస్తే ఇంటరప్ట్ కూడా దానంతట అదే తప్పుకుంటుంది. ప్రాసెసర్ చదివేలోగా ఫేజు తిరిగొస్తే చిప్పులో ఏ ఆనవాలూ మిగలదు. ఎవరో పిలిచారు, తలుపు తీస్తే ఎవరూ లేరు. పైగా బస్సు మీద ఆ చిప్పుతో మాట్లాడుతుండగా, 'అందింది' అని చెప్పుకునే ఎకనాలెడ్జ్ క్లాకు సమయంలో వచ్చిన ఇంటరప్ట్ పోయే అవకాశం ఉందని దాని డేటాషీటులోనే రాసి ఉంది. ఎంసీపీ23017 లాంటి చిప్పు అలా కాదు. ఇంటరప్ట్ వచ్చిన క్షణంలో పిన్నులు ఎలా ఉన్నాయో ఇంట్‌క్యాప్ అనే రిజిస్టర్‌లో (చిప్పు లోపలి చిన్న జ్ఞాపకపు గడిలో) పట్టి ఉంచుతుంది. ఏ పిన్ను వల్ల వచ్చిందో ఇంకో రిజిస్టర్‌లో చెబుతుంది. మనం చదివేదాకా తీగను వదలదు. పాత చిప్పే వాడాలనుకుంటే ముందు ఒక లాచ్ (వచ్చిపోయిన సంకేతాన్ని పట్టి ఉంచే సర్క్యూట్) పెట్టండి.

3. ఉమ్మడి తీగను లెవెల్‌తో, అంటే అది కింద ఉన్నంతసేపూ, గమనించండి, ఎడ్జ్‌తో కాదు. ప్రాసెసర్‌లో ఎడ్జ్ తప్ప వేరే దారి లేకపోతే తీగ పైకి లేచేదాకా అన్ని చిప్పులనూ మళ్లీ మళ్లీ చదవండి. ఫర్మ్‌వేర్ రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకో మాట. ఐ2సీ చదవడం నిదానంగా సాగే పని, మధ్యలో ఆగాల్సి రావచ్చు. దాన్ని ఇంటరప్ట్ రాగానే నడిచే హ్యాండ్లర్‌లోనే చేయకూడదు. లినక్స్‌లో 2009 నుంచే దీనికి థ్రెడెడ్ ఇంటరప్ట్ ఏర్పాటు ఉంది, అంటే నిదానమైన పనిని విడి థ్రెడ్‌కు అప్పగించవచ్చు. వన్‌షాట్ జెండా పెడితే థ్రెడ్ చదవడం ముగిసేదాకా కెర్నెల్ (లినక్స్ మూల భాగం) ఆ తీగను మూసి ఉంచుతుంది. హ్యాండ్లర్ సరిగా రాయక, తీగ కిందనే ఉండి, 'ఇది నాది' అని ఏ డ్రైవరూ చెప్పకపోతే కెర్నెల్ లెక్కపెడుతుంది. లక్షలో 99,900 సార్లు ఎవరూ పట్టించుకోలేదని తేలితే 'నోబడీ కేర్డ్' అని రాసి ఆ ఇంటరప్ట్‌ను ఆపేస్తుంది. ఒక పెట్టె లాగ్‌లో ఆ వాక్యం కళ్లారా చూశాను. ఆ వాక్యం పడిన మూడు వారాల తర్వాత దాన్ని నా దగ్గరికి తెచ్చారు. అన్నాళ్లూ అది గోడ మీద పచ్చలైటు వెలిగించుకుని కూర్చుంది.

4. పిలిచింది ఎవరో తెలిసే దారి ఉండాలి. ప్రాణాలకు, ప్రమాదాలకు సంబంధించిన సెన్సర్లకు విడి తీగ ఇవ్వండి. మిగతావాటికి ఐ2సీ నుంచి పుట్టిన ఎస్ఎంబస్‌లో మంచి పద్ధతి ఉంది. మాస్టర్ 0001100 అనే ప్రత్యేక చిరునామాను చదివితే, పిలిచిన చిప్పులన్నీ తమ తమ చిరునామాలు చెప్పడం మొదలుపెడతాయి. అందులో తక్కువ అంకె ఉన్నది గెలుస్తుంది, తన సంగతి చెప్పి తీగ వదులుతుంది. ఓడినవి పట్టుకునే ఉంటాయి. మాస్టర్ మళ్లీ అడుగుతుంది. ఎవరి వంతూ పోదు. అన్ని చిప్పులకూ ఈ పద్ధతి తెలియదు, ఎల్ఎం75కు తెలియదు. అలాంటివి ఎక్కువగా ఉంటే పీసీఏ9544ఏ లాంటి మక్స్ (బస్సును నాలుగు దారులుగా చీల్చే చిప్పు) పెట్టుకోండి. నాలుగు దారుల ఇంటరప్ట్‌లు తీసుకుని ఏది పిలిచిందో చెబుతుంది. కొత్తగా డిజైన్ మొదలుపెట్టేవాళ్లు ఐ2సీ తర్వాతి తరమైన ఐ3సీ వైపు చూడవచ్చు, అందులో చిప్పులు ఆ రెండు తీగల మీదే ఇంటరప్ట్ పంపగలవు. అయితే అది వచ్చేదాకా ఆగుదాం అనొద్దు. మాకు ఈ పంటకే కావాలి.

5. కరెంటు వచ్చిన ప్రతిసారీ హద్దులు మళ్లీ రాయండి, రాసినవి తిరిగి చదివి సరిచూడండి. పోలింగ్‌ను పూర్తిగా తీసేయమని నేను అనడం లేదు. తీగ తెగవచ్చు, ఎలుక కొరకవచ్చు, తేమకు పిన్ను తుప్పు పట్టవచ్చు. నిమిషానికోసారి హద్దులూ స్థితీ చదివి చూడటం కాపలాకు కాపలాగా ఉండనివ్వండి.

6. బోర్డు స్కీమాటిక్‌లో (తీగల పటంలో) కనీసం ఇంటరప్ట్‌ల పేజీ, లినక్స్ పెట్టెలైతే బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కు చెప్పే డివైస్ ట్రీ ఫైలు, కొన్నవాళ్లకు ఇవ్వండి. ఏ తీగ ఎక్కడికి వెళ్లిందో డివైస్ ట్రీలో రాయకపోతే డ్రైవర్‌కు ఇంటరప్ట్ ఉందనే తెలియదు. బోర్డు మీద తీగ ఉండి కూడా పోలింగ్‌తో నడుస్తున్న పెట్టె ఒకటి నేను విప్పినవాటిలోనే ఉంది. ఒక్క వరుస రాస్తే బాగుపడింది.

7. అధికారులకు ప్రత్యేకంగా మనవి. టెండర్లో 'అలారం సౌకర్యం ఉండవలెను' అని రాసి వదిలేయకండి. పెట్టె తీసుకునే ముందు మీ ఎదుటే పరీక్ష పెట్టండి. మోడెమ్ డేటా పంపుతుండగా ఒక ఫేజును అర సెకను తీసి మళ్లీ ఇవ్వమనండి. రెండు సెన్సర్లను ఒకేసారి హద్దు దాటించమనండి. సెన్సర్‌కు కరెంటు తీసి ఇచ్చాక మళ్లీ వేడి చేయమనండి. మూడుసార్లూ ఫోన్ మోగితేనే బిల్లు మంజూరు చేయండి. ఈ పరీక్షకు పావుగంట చాలు, ఇంజినీరే అవసరం లేదు.

ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఐ2సీ ప్రయోగం అంటే సెన్సర్ను లూపులో చదివి తెర మీద చూపించడంతో సరిపెడుతున్నారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. పక్కనున్న ఇంకో పిన్ను ఎందుకో మాకు ఎవరూ చెప్పలేదు. అధ్యాపకులు ఆ ప్రయోగానికి ఒక్క తీగ చేర్చి చూపించాలని కోరుతున్నాను.

బాబాయి ఆ చెరువు ఎండగట్టి సున్నం చల్లాడు. మళ్లీ పిల్ల వదిలేలోగా మీ జవాబు రావాలి. చిన్న సంస్థలకు బోర్డు మార్చడానికి మనుషులు లేకపోతే నన్ను అడగండి, ఇంటరప్ట్ భాగం వరకు స్కీమాటిక్ గీసి, డ్రైవర్ రాసి ఉచితంగా ఇస్తాను. పాత పెట్టెలు వెనక్కి తీసుకోలేమంటే కనీసం ఆ స్టిక్కర్ తీసేయించండి.

ఆ పెట్టె ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. 13వ పిన్ను నుంచి ప్రాసెసర్ దాకా సన్నటి ఎర్ర తీగ ఒకటి సోల్డర్ చేశాను, ముందు ఒక లాచ్ పెట్టాను. ఇప్పుడు ఫేజు రెప్పపాటు పోయినా ఫోన్ మోగుతోంది. చూడాలనుకున్నవాళ్లు ఎవరు వచ్చినా మూత తీసి చూపిస్తాను.

ఇట్లు,
ఉండి ప్రాంతానికి చెందిన ఒక ఫర్మ్‌వేర్ ఇంజినీర్